తోటలో మీటర్ గేజ్ లైను: 11 మీటర్ల పెరట్లో వంతెనతో సహా పడుతుందా?

దిగువమెట్ట అబ్బాయి (యలహంక, బెంగళూరు)

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా నాన్న మీటర్ గేజ్ (పట్టాల మధ్య దూరం ఒక మీటరే ఉండే లైను) రోజుల్లో నంద్యాల–గిద్దలూరు సెక్షన్‌లో కీమ్యాన్. నేను పెరిగింది దిగువమెట్ట రైల్వే క్వార్టర్స్‌లో. తెల్లారకముందే ఆయన భుజాన సుత్తి, స్పానరు, జెండాల సంచి వేసుకుని లైను వెంట వెళ్లేవారు. వదులైన కీ (పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే చీల) కనిపిస్తే రెండు దెబ్బలు, ఫిష్‌ప్లేట్ (రెండు పట్టాలను కలిపే ఇనుప పలక) బోల్టు కదిలితే ఒక బిగింపు. ఒక వేసవి సెలవుల్లో నన్ను బండెక్కించి దొరబావి వంతెన మీదుగా గాజులపల్లె వైపు తీసుకెళ్లారు. కిటికీలోంచి చూస్తే కింద లోయ, చెట్ల తలలు. బ్రాడ్‌గేజ్ వేసినప్పుడు అక్కడ దారే మార్చేశారు. పాత లైను నల్లమలకే మిగిలిపోయింది.

నాన్నకిప్పుడు 79. మోకాళ్ల నొప్పులతో మా ఇంట్లోనే ఉంటున్నారు. పొద్దస్తమానం వరండాలో కూర్చుని ఎదురుగా ఉన్న పెరడు చూస్తుంటారు. ఆ పెరట్లో ఒక మీటర్ గేజ్ లైను వేసి, రోజూ సాయంత్రం ఆయన ముందు నుంచి బండి నడిపించాలని నా కోరిక.

స్థలం కొలతలు: పొడవు 11 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. వరండా వైపు ఎత్తు, ఎదుటి గోడ మూల పల్లం. వాన పడితే నీళ్లన్నీ ఆ మూలకే పోతాయి. మిద్దె మీది నీళ్ల గొట్టం కూడా అటే దిగుతుంది. నడిమధ్యలో ఒక జామచెట్టు. సంపు మూత వరండా మెట్లకు ఆనుకుని ఉంది, దాన్ని కప్పడానికి వీల్లేదు. నేల ఎర్రమట్టి.

నా దగ్గరున్నవి: జర్మనీలో ఉండే స్నేహితుడు తెచ్చిన పాత ఎల్‌జీబీ (తోటలో నడిపే బొమ్మ రైళ్ల జర్మన్ కంపెనీ) సెట్టు ఒకటి. పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు, స్కేలు 22.5కి 1. మీటరును 22.5తో భాగిస్తే 44.4 మిల్లీమీటర్లు. అంటే ఈ పట్టా పుట్టిందే మీటర్ గేజ్ కోసం. ఈ లెక్క చూసినరోజు రాత్రి నిద్ర పట్టలేదు. చిన్న ట్యాంక్ ఇంజను, ఒక వృత్తానికి సరిపడా 12 వంపు ముక్కలు వచ్చాయి. బోగీలు ఫోమ్ షీటుతో నేనే చేస్తున్నాను. నిజం బోగీని లెక్క ప్రకారం చేస్తే 80 సెంటీమీటర్లు దాటుతోంది కాబట్టి 60కి కుదించాను. రెండు అయ్యాయి, మూడోది సగంలో ఉంది.

గ్రాఫ్ పేపరు మీద 8 అంకె ఆకారంలో లైను గీశాను. నడుమ ఒక లైను ఇంకోదాని మీదుగా దాటుతుంది, అక్కడే దొరబావి వంతెన. కింద బండి పట్టాలంటే కింది పట్టా నుంచి పై పట్టాకు 22 సెంటీమీటర్లు కావాలి. ఎక్కడానికి నాకు దొరుకుతున్నది 4 మీటర్లు. ఇది ఎక్కువ వాలు అని అనుమానంగానే ఉంది. ఎంతవరకు చెల్లుతుంది? వంపు ఎంత వ్యాసార్ధంతో తిప్పాలి? కింద కాంక్రీటు పోయాలా, కంకర చాలా? కరెంటు పట్టాల్లోంచి ఇవ్వాలా, బ్యాటరీ పెట్టాలా? వీటిలో మొదట ఏది తేల్చుకోవాలో కూడా చెప్పండి.

---

తిరువాన్మియూరు తోటబండి (చెన్నై)

దిగువమెట్ట అబ్బాయి గారూ, మీ పోస్టు మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. మా పెరట్లో ఏడేళ్లుగా 45 మిల్లీమీటర్ల లైను నడుస్తోంది కాబట్టి అనుభవం మీద చెబుతాను.

8 అంకె వదిలేయండి. 4 మీటర్లలో 22 సెంటీమీటర్లంటే 5.5 శాతం, రైలు భాషలో 18కి 1. ఊటీ బండి 12కి 1 ఎక్కుతుందంటే ఆ లైనులో నడుమ పళ్ల పట్టా ఉంది, ఇంజను దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. మనకు ఉన్నది చక్రానికి పట్టాకు ఉన్న పట్టు ఒక్కటే. మూడు బోగీలు లాగాలంటే 2 శాతం దగ్గర ఆగాలి. 2 శాతం చొప్పున 22 సెంటీమీటర్లు ఎక్కడానికి 11 మీటర్లు, దిగడానికి ఇంకో 11. మీ పెరట్లో పట్టే లూపు మొత్తం సుమారుగా అంతే ఉంటుంది! స్టేషన్‌కు చదును ఎక్కడ మిగులుతుంది? పైగా వంపులో ఎక్కితే చక్రాల అంచు పట్టాను రాసుకుని బరువు ఇంకా పెరుగుతుంది.

వంపు సంగతి. సెట్టుతో వచ్చిన 12 ముక్కలు 60 సెంటీమీటర్ల వ్యాసార్ధానివి. మీ చిన్న ఇంజను తిరుగుతుంది, మీ 60 సెంటీమీటర్ల బోగీలు తిరగవు. తిరిగినా రెండు బోగీల మూలలు లోపలివైపు కొట్టుకుంటాయి, చూడ్డానికి బొమ్మ బండిలా ఉంటుంది. బోగీ పొడవుకు కనీసం రెండున్నర రెట్లు వ్యాసార్ధం పెట్టుకోండి. మీకు 1.5 మీటర్లు అవుతుంది. రెండు వైపులా కలిపి 3 మీటర్లు, అటూ ఇటూ మీటరు చొప్పున చెట్లకు, నడవడానికి. 5 మీటర్ల వెడల్పులో హాయిగా సరిపోతుంది. ఆ వ్యాసార్ధానికి రెడీమేడ్ ముక్కలు వెతక్కండి. విడి పట్టాలు, స్లీపర్ల స్ట్రిప్పులు కొని వంచుకోవచ్చు. అర్ధవృత్తం వంచాక లోపలి పట్టా బయటి పట్టా కంటే 14, 15 సెంటీమీటర్లు మిగిలిపోతుంది. వ్యాసార్ధం ఎంతైనా ఈ తేడా అంతే, కంగారు పడి తప్పు వంచాననుకోకండి. హాక్సా బ్లేడుతో కోసేయడమే.

కరెంటు విషయంలో నాది గట్టి అభిప్రాయం: బ్యాటరీ. మాది సముద్రానికి దగ్గర. సాయంత్రం తుడిచిన ఇత్తడి పట్టా పొద్దుటికి గోధుమరంగు తిరిగేది. మొదటి రెండేళ్లు బండి నడిపిన సమయం కంటే పట్టా తుడిచిన సమయమే ఎక్కువ. ప్రతి జాయింటు దగ్గరా కరెంటు ఆగేది. చివరికి అయిదు లిథియం సెల్స్‌ను ఇంజను వెనక పెట్టెలో పెట్టి, రేడియో రిసీవర్ తగిలించాను. ఇప్పుడు పట్టా దుమ్ముపట్టినా బండి ఆగదు. మీ బెంగళూరులో ఉప్పుగాలి లేదు నిజమే. కానీ జామచెట్టు కింద పట్టా అంటే రాలిన పూత, పండిన కాయ, దాని జిగురు. బ్యాటరీ అయితే నాన్నగారు బటన్ నొక్కగానే బండి కదులుతుంది. ఆయన కోసమే కదా మీ ప్రయత్నం. సెల్స్ చార్జింగ్ మాత్రం ఇంట్లోనే, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే పెట్టండి.

ఇంకొకటి, పందికొక్కులు. మొదటిసారి నేను ఇసుక పరుపు మీద వేశాను. ఈశాన్య రుతుపవనాల వానకు సగం కొట్టుకుపోతే, మిగతా సగం కింద పందికొక్కు సొరంగం తవ్వింది. 2 మీటర్ల లైను ఒక్క రాత్రిలో చేతిమందాన కుంగింది. ఇప్పుడు అడుగున కోళ్ల జాలీ పరిచి, దానిమీద కంకర వేశాను. మళ్లీ ఆ బెడద రాలేదు.

---

పాత పి.డబ్ల్యూ.ఐ. (పెరంబూరు, చెన్నై)

బాబూ, రిటైరై చాలా ఏళ్లయింది. నేను రైల్వేలో పట్టాల బాగోగులు చూసే పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా (పి.డబ్ల్యూ.ఐ.) చేసినవాణ్ణి. కీమ్యాన్ కొడుకు లైను వేస్తానంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

మొదట ఏది తేల్చుకోవాలి అని అడిగావు చూడు, అదే అసలు ప్రశ్న. మొదటిది నీళ్లు. రెండోది లెవల్. బండి, బోగీ, స్టేషన్ అన్నీ ఆ తర్వాత. లైను పాడయ్యేది బండి బరువుతో కంటే కింద నిలిచిన నీటితోనే.

పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు ఒకటి కొను, మేస్త్రీలు గోడ లెవల్ చూసే ట్యూబే. నీళ్లు నింపి, బుడగలు లేకుండా చూసుకుని, ఒక కొసను వరండా దగ్గర, రెండో కొసను మీటరు మీటరుకూ పట్టుకుని నేల ఎంత పల్లమో రాసుకో. ఆ కొలతలు లేకుండా గ్రాఫ్ పేపరు మీద ఎన్ని గీతలు గీసినా వృథా.

ఇప్పుడు వంతెన మాట. నువ్వు నేలను చదును అనుకుని, పట్టాను పైకి ఎక్కించి వంతెన కట్టాలనుకుంటున్నావు. రైల్వేలో ఏ ఇంజనీరూ అలా ఆలోచించడు. లైను తన లెవల్ పట్టుకుని పోతుంది, నేల కిందికి జారిపోయిన చోట వంతెన వస్తుంది. నల్లమలలో లోయ ఉంది కాబట్టే అక్కడ వంతెన లేచింది. నీ పెరట్లోనూ పల్లం ఉందని నువ్వే రాశావు. లైను మొత్తం ఒకే లెవల్‌లో పెట్టు. వరండా దగ్గర నేలను ఆనుకుని ఉన్న లైను, ఎదుటి మూలకు వచ్చేసరికి తనంతట తానే గాల్లో ఉంటుంది. అక్కడ పెట్టు నీ దొరబావి. మిద్దె నీళ్ల గొట్టం కూడా అటే దిగుతోందన్నావు. వంతెన కింద ఇంకో 15 సెంటీమీటర్లు లోతు తవ్వి, రాళ్లు పరిచి వాగు చెయ్యి. ఎత్తు కనబడుతుంది, నీళ్లకూ దారి దొరుకుతుంది. వానాకాలంలో అది నిజంగా పారే వాగు.

ఇంక కట్ట. 20 సెంటీమీటర్ల వెడల్పు, 12 లోతు గాడి తవ్వి, కలుపు రాకుండా గుడ్డ పరిచి, 6 మిల్లీమీటర్ల చిప్స్ నింపు. ఇక్కడ బేబీ జెల్లీ అంటారు, మీ దగ్గర జల్లి అంటారు. గుండ్రటి నది గులకరాళ్లు వద్దు, దొర్లిపోతాయి. క్రషర్‌లో విరిగిన కోణాల రాయి అయితే ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. పై పొర కోసం సన్నటి క్రషర్ డస్టు. కాంక్రీటు కావాలంటే పోసుకో, కానీ పట్టాను దానికి మేకులు కొట్టి బిగించకు. పట్టా కంకరలో తేలుతున్నట్టు ఉండాలి.

ఎందుకంటే ఎండ. మన మీటర్ గేజ్ పట్టా 12 మీటర్లు, ఉక్కుది. 40 డిగ్రీల తేడాకు అది 6 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. నీది ఇత్తడి, ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది: మీటరుకు, అదే 40 డిగ్రీలకు, ముప్పాతిక మిల్లీమీటరు. జనవరి తెల్లవారుజాముకు, ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో కాగిన పట్టాకు ఆ తేడా తేలిగ్గా వస్తుంది. కాబట్టి తెల్లవారుజామున చలిలో వేస్తే మీటరుకు ఒక జాయింటు చొప్పున ఏటీఎం కార్డు మందం ఖాళీ వదులు. ఆ కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, సరిగ్గా అంతే కావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో వేస్తే కలిపేసినంత దగ్గరగా పెట్టు. ఖాళీ వదలకపోతే పట్టా పాములా పక్కకు వంకర పోతుంది. మీ నాన్నగారిని అడుగు, ఎండాకాలం పట్రోలింగ్ ఎందుకు చేసేవారో ఆయన నాకంటే బాగా చెబుతారు.

వంపు సరిగ్గా వచ్చిందా లేదా అని చూడ్డానికి మేము వర్సైన్ (వంపు నడుమ లోతు) కొలిచేవాళ్లం. అదే నీకూ పనికొస్తుంది. 60 సెంటీమీటర్ల దారం తీసుకో. రెండు కొసలనూ బయటి పట్టా లోపలి అంచుకు ఆనించు. నడుమ దారానికి, పట్టాకు మధ్య ఖాళీ కొలువు. 1.5 మీటర్ల వంపైతే 3 సెంటీమీటర్లు రావాలి. జ్యా (అంటే దారం పొడవు) స్క్వేరును 8 రెట్ల వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది అదే. వంపంతా అడుగడుగునా కొలువు. ఒకచోట 3, పక్కనే 4 వస్తే అక్కడే బోగీ పట్టా దిగుతుంది. ఎడమ వంపు నుంచి కుడి వంపుకు నేరుగా మార్చకు, మధ్యలో ఒక బోగీ పొడవైనా తిన్నగా పోనివ్వు.

వంపులో బయటి పట్టా ఎత్తాలా అని అడుగుతావు. అక్కర్లేదు. నీ బండి వేగానికి అవసరం లేదు. రెండు పట్టాలూ సమంగా ఉంటే చాలు. ఒకవైపు ఒకచోట కుంగి, కాస్త ముందుకెళ్లాక రెండోవైపు కుంగితే మాత్రం ప్రమాదం. నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లోకి లేస్తుంది.

---

మిద్దెతోట (జయనగర్, బెంగళూరు)

పట్టాల గురించి నాకు తెలియదు, మొక్కల గురించి రెండు మాటలు. లైను పక్కన పెద్ద ఆకుల మొక్కలు పెట్టొద్దు, బండి చిన్నదైపోయి కనిపిస్తుంది. మాల్పీజియా అనే చిన్నాకుల పొదను కత్తిరిస్తూ ఉంటే చిన్న చెట్టులా నిలబడుతుంది. గట్టు మీద నాచుపూలు బాగుంటాయి, నీళ్లు కూడా పెద్దగా అడగవు. నల్లమల అంటున్నారు కాబట్టి, అడవిలా కనిపించడానికి సరుగుడు మొక్కలు నాలుగు తెచ్చి కొసలు తుంచుతూ పెంచండి. వానాకాలంలో మన బెంగళూరుకు ఆఫ్రికా నత్తల బెడద ఉంది. రాత్రి పట్టా మీదికి ఎక్కి కూర్చుంటాయి. సాయంత్రాలు టార్చి వేసి ఏరాలి, చేతికి గ్లౌజులు తప్పనిసరి. జామచెట్టు మొదలు నుంచి మీటరు దూరం వదలండి. వేళ్లు తెగితే చెట్టుకు నష్టం, పెరిగితే మీ కట్టకు నష్టం.

---

దిగువమెట్ట అబ్బాయి (యలహంక, బెంగళూరు)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పి.డబ్ల్యూ.ఐ. గారూ, మీ జవాబు నాన్నకు రెండుసార్లు చదివాను. రెండోసారి "ట్యూబు కొన్నావా?" అని అడిగారు. ఆదివారం పొద్దున కుర్చీ పెరట్లోకి దించాం. ఒక కొస ఆయన పట్టుకుని కూర్చున్నారు, రెండో కొస నేను. మా అమ్మాయి పుస్తకంలో రాసింది.

కొలిస్తే మొత్తం పల్లం 19 సెంటీమీటర్లు. కానీ అది సమంగా లేదు. వరండా నుంచి మొదటి 6 మీటర్లలో తగ్గింది 5 మాత్రమే. జామచెట్టు దాటాక మిగతా 5 మీటర్లలో 14 జారింది. కంటికి ఎప్పుడూ తెలియలేదు. అంటే వంతెనకు చోటు నేను వెతకక్కర్లేదు, ఎదుటి మూల దగ్గర నేలే చూపించింది. వాగు 15 తవ్వితే పట్టా నుంచి వాగు అడుగుభాగం దాకా 34 సెంటీమీటర్లు. మన స్కేలులో ఏడున్నర మీటర్ల పైన. దొరబావి అంత కాదు, కానీ కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి లోయలాగే ఉంటుంది. కాగితాలు పేర్చి చూశాను.

కొత్త లెక్క: 1.5 మీటర్ల వంపులు రెండు చివర్లా, మధ్య 7 మీటర్ల తిన్నటి లైన్లు రెండు. మొత్తం 23 మీటర్ల చిల్లర. జామచెట్టు లూపు మధ్యలో పడుతుంది, ఎటు చూసినా మీటరు పైనే దూరం. సంపు మూత బయట మిగిలిపోయింది. వరండా ముందు దిగువమెట్ట స్టేషన్, క్రాసింగ్ లూపుతో (ఒక బండి పక్కకు ఆగి ఇంకోదానికి దారిచ్చే పక్క లైను). ఇంజను, మూడు బోగీలు కలిపి 2.2 మీటర్లు వస్తోంది కాబట్టి ఆ పక్క లైనులో 2.5 మీటర్లు నిలబడే చోటు వదిలాను. ప్లాట్‌ఫారానికి మార్కాపురం పలక రాయి తెప్పిస్తున్నాను, మా ఊరికి దగ్గరిదే. కరెంటు వద్దు, బ్యాటరీయే.

నాన్న ఒక్కచోట అడ్డం పడ్డారు. నేను గీసిన దాంట్లో వంతెన మొదలయ్యే చోటే పట్టా జాయింటు వచ్చింది. "వంతెన కొసన జాయింటు పెడతారా ఎవరైనా? కట్ట కుంగేది అక్కడే, దెబ్బ తగిలేదీ అక్కడే" అన్నారు. పట్టాలను అర మీటరు జరిపి గీశాను. ఇప్పుడు వంతెన పొడవునా, రెండు వైపులా కట్ట మీదికి వచ్చేదాకా జాయింటు లేదు. వంతెన కింద కడప రాయి స్తంభాలు, 40 సెంటీమీటర్లకు ఒకటి, పైన అల్యూమినియం యాంగిల్.

వచ్చే శనివారం తెల్లవారుజామున గాడి తవ్వడం మొదలు. ఏటీఎం కార్డు నాన్న చొక్కా జేబులో ఉంది. కంకర మొత్తం నింపాక వెంటనే బండి నడపొచ్చా, వాన పడేదాకా ఆగాలా?

---

పాత పి.డబ్ల్యూ.ఐ. (పెరంబూరు, చెన్నై)

వంతెన కొస జాయింటు గురించి నేను రాయడం మర్చిపోయాను. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

కంకర పోశాక బాగా తడుపు, రెండు రోజులు ఆగి మళ్లీ తడుపు. సర్దుకున్న చోట మళ్లీ కంకర ఎక్కించు. తర్వాత కూడా ఇంజను పెట్టకు. అన్నిటికంటే పొడుగు బోగీని చేత్తో నెమ్మదిగా లైనంతా తోయి. అది ఊగిన ప్రతిచోటా స్లీపరు మీద సుద్దతో గుర్తు పెట్టు. మరుసటి పొద్దున ఆ గుర్తుల దగ్గరే ప్యాకింగ్ చెయ్యి. పెద్ద స్క్రూడ్రైవరుతో స్లీపరు కింద చిప్స్ రెండు వైపుల నుంచీ కూరాలి, ఒకవైపు నుంచే కూరితే పట్టా పక్కకు లేస్తుంది. గుర్తులు లేకుండా బోగీ మూడుసార్లు తిరిగాక ఇంజను ఎక్కించు. మొదటి పెద్ద వాన తర్వాత మళ్లీ ఇదంతా ఒకసారి చెయ్యాలి.